మావాడి పీట

పోయిన మంగళవారం ఉదయం తొమ్మిదీ నలభైకి మొదలైంది ఇది. అంత కచ్చితంగా ఎలా చెప్పగలనంటే, ఆ వేళకు నేను రక్తపోటు మాత్ర వేసుకుని గోడ మీది క్యాలెండరులో టిక్కు పెడతాను. టిక్కు పెడుతుండగా తలుపు చప్పుడైంది. అశోక్‌నగర్‌లో మా అపార్ట్‌మెంటును ఆనుకుని ఉన్న హాస్టల్లో ఉంటూ గ్రూప్స్ పరీక్షకు చదువుతున్న అమ్మాయి, లావుపాటి గైడు మధ్యలో పెట్టిన వేలు తీయకుండా నిలబడి ఉంది. వ్యాకరణంలో ఏ అనుమానం వచ్చినా ఆ పిల్ల నా దగ్గరికే వస్తుంది. మా నాన్న తెలుగు పండితుడని ఒకసారి నోరు జారాను. నేను లెక్కల ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషిని తల్లీ అంటే వినదు.

“అమ్మమ్మా, జర గిది చెప్పుండ్రి. మహద్వాచకం అంటే మొగోళ్ళను చెప్పే మాట అని రాసిండు. మరి ఆడోళ్ళు ఏడ వోయిండ్రు?”

నాకు గుర్తున్నంత చెప్పాను. అన్న వచ్చాడు, అక్క వచ్చింది, బర్రె వచ్చింది. అదే అక్కలు నలుగురైతే, అన్నలతో సమానంగా వచ్చారు.

“అంటే ఒక్కదాన్నే వస్తే బర్రెతోని కలిపిండ్రు, నలుగురం కలిసి వస్తే మొగోళ్ళతోని కలిపిండ్రు. మంచిగనే ఉన్నది! మహత్ అంటే ఏంది?”

“గొప్పది అని.”

“ఆఁ. రాసినోడు మొగోడే అయ్యుంటడు,” అని నవ్వి వెళ్ళిపోయింది.

నేను మాత్రం పెన్సిలు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆ మాట మొదట విన్నది నారాయణగూడలో ఒక వరండాలో, ఒక పీట మీద కూర్చుని.

యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడిన మరుసటేడు మేము గుంటూరు వైపునుంచి చిక్కడపల్లి వచ్చాం. నాన్నకు నారాయణగూడ బడిలో ఉద్యోగం. నాకు పదేళ్ళు, అమ్మ అప్పటికే లేదు, నాన్నకూ నాయనమ్మకూ నేనొక్కదాన్నే. మా వైపు ఇళ్ళలో ఒక అలవాటు ఉంది. ఆడపిల్ల మీద ముద్దు ఎక్కువైతే దాన్ని మగపిల్లవాణ్ని చేసేస్తారు. “ఏరా, అన్నం తిన్నావా?” అంటారు. పక్కవాళ్ళతో చెప్పేటప్పుడు “మావాడు పడుకున్నాడు” అంటారు. ముద్దు ఎక్కువై కొడుకును “ఏమే” అని పిలిచిన తండ్రిని మాత్రం నేను ఇంతవరకూ చూడలేదు. ఆ సంగతి అప్పట్లో తట్టలేదు. నాన్న నోట ‘మావాడు’ అనిపించుకోవడం నాకు గొప్పగా ఉండేది. నాయనమ్మకే గిట్టేది కాదు. “ఆడపిల్లను రా అంటే దానికి మీసాలొస్తాయిరా వెధవా” అని కొడుకును కోప్పడేది. నేను రహస్యంగా అద్దంలో చూసుకునేదాన్ని. రాలేదు.

మేము మేడ మీద, ఇంటాయన కింద. ఆయన ఇక్కడివాడే, పెద్దాయన. మెట్ల మీద నాన్న మాటలు వినీ వినీ, పంతులుగారికి ఒక కొడుకున్నాడనీ, వాడు చాలా చదువరి గనక బయటికి రాడనీ నిర్ణయించుకున్నాడు. దసరాకు ఒక గుడ్డ పట్టుకుని మేడెక్కాడు.

“మీ పోరడేడి పంతులూ? నెలలసంది మావాడు మావాడు అంటవు, ఒక్కపారన్న కండ్ల వడలే. చొక్కాగుడ్డ తెచ్చిన, కొలతలు ఇప్పియ్యి.”

నాన్న నన్ను ముందుకు తోశాడు. పరికిణీ, రెండు జడలు, జడలకు రిబ్బన్లు.

“అరె, గీమెనా!” ఆయన నన్ను కిందినుంచి మీది దాకా చూశాడు. “ఆడివిల్లను పట్టుకొని వాడంటవేంది? పరేషాన్ చేస్తివి గదా. మా దిక్కు కొడుకునైనా ‘బిడ్డా’ అంటం, కూతురునైనా ‘బిడ్డా’ అంటం. లడాయే లేదు.”

నాన్న సిగ్గుపడి గుడ్డ తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. “ఆమె పేరు మీద తెచ్చిన, ఆమెదే. చొక్కానే కుట్టియ్యి,” అన్నాడు. తెలుపు మీద నీలం చారల గుడ్డ. చిక్కడపల్లి దర్జీ పరికిణీ మీదికి కాలరున్న చొక్కా ఏమిటని రెండుసార్లు అడిగి, కుట్టాడు.

ఆ చొక్కా తొడుక్కునే నేను సాయంత్రాలు నాన్నతో నారాయణగూడ వెళ్ళేదాన్ని. నాన్న బడిలోనే పనిచేసే పెద్దపంతులుగారి ఇంటి వరండాలో నలుగురైదుగురు తెలుగు మాస్టర్లు చేరేవారు. ఇరానీ హోటలు నుంచి కెటిల్లో చాయ్ వచ్చేది. ఒక్కొక్క మాటను పట్టుకుని, అది ఎక్కడ పుట్టింది, ఎవరింటికి వెళ్ళింది, ఎలా మారి తిరిగొచ్చింది అని దీపాలు పెట్టేదాకా వాదించుకునేవారు. నాన్న కుర్చీ పక్కన పీట నాది. నిఘంటువు సంపుటాల్లో అడిగిన మాట వెతికి చూపించడం నా పని. ఈ వయసులో వెనక్కి చూసుకుంటే, నాకు కావాలని అంత గట్టిగా అనుకున్నది ఆ పీట తప్ప ఇంకొకటి కనిపించదు.

పెద్దపంతులుగారికి మొదట నచ్చలేదు. “ఈ సభలో ఆడపిల్లేమిటండీ?” అన్నారు. “ఆడపిల్ల ఎక్కడండీ, మావాడు,” అని నాన్న తప్పించుకున్నాడు. కొన్నాళ్ళకు చర్చ ‘మగ’ అనే మాట మీదికి వచ్చింది. మగ అంటే శౌర్యమనీ, మగటిమి అనే మాటే అందుకు సాక్ష్యమనీ పెద్దపంతులుగారు. మాటలో మగతనం ఉంది గనకనే పురుషుణ్ని మహత్తు అన్నారని కూడా కలిపారు. నాన్న చాయ్ పక్కన పెట్టాడు.

“తమిళులు కొడుకును మకన్ అంటారు, కూతుర్ని మకళ్ అంటారు. కన్నడంలో మగు అంటే పసిపిల్ల. మనకు మగువ అనే మాట ఎక్కడిదనుకున్నారు? ఆ వేరుదే. మగ అంటే మొదట పిల్ల అండీ. కొడుకో కూతురో తరవాతి సంగతి. మీసాలు ఇంకా తరవాత వచ్చాయి.”

వరండా అంతా నవ్వింది. పెద్దపంతులుగారు తన మీసం ఒకసారి తడుముకుని, నా వైపు చూశారు. “సరే. ‘మ’ సంపుటం తీయమనండి మీవాణ్ని,” అన్నారు. ఆ సాయంత్రంతో పీట నాకు ఖాయమైపోయిందనుకున్నాను.

పన్నెండు నిండి కొన్నాళ్ళకు నేను పెద్దమనిషినయ్యాను. పేరంటాలూ చిమ్మిలీ అయిపోయాక, మొదటి సాయంత్రం చొక్కా తొడుక్కుని గుమ్మంలోకి వచ్చాను. నాన్న కండువా వేసుకుంటున్నాడు. వంటింట్లోంచి నాయనమ్మ, “ఇంక చొక్కాలూ వరండాలూ చాలు,” అంది. నాన్న ఆవిడకు బదులు చెబుతాడని చూశాను. తమిళం, కన్నడం, మగువ, అన్నీ ఆయన దగ్గర ఉన్నాయి కదా. ఆయన నా వైపు కాకుండా గడప వైపు చూసి, “నువ్వు ఇంట్లో ఉండమ్మా,” అన్నాడు.

అమ్మా అనడం మర్యాదే. ఆ మర్యాదతో పీట పోయింది. ఆ తరవాత నాన్న నన్ను మళ్ళీ ఏరా అనలేదు. పరుషంగా మాట్లాడిందీ లేదు, కోరింది కాదన్నదీ లేదు. చదివించాడు, పుస్తకాలు కొన్నాడు. చొక్కాను నాయనమ్మ విప్పి దిండు గలీబు కుట్టింది. చాలాకాలం దాని మీదే పడుకున్నాను.

లెక్కల ఆఫీసులో ఉద్యోగం వచ్చినట్టు ఉత్తరం వచ్చిన రోజు సాయంత్రం వాన పట్టుకుంది. నాన్న గొడుగు లేకుండా వెళ్ళాడు. ఇచ్చి రమ్మని నాయనమ్మే పంపింది. ఎనిమిదేళ్ళ తరవాత ఆ గేటు దగ్గరికి వెళ్ళాను. వానచప్పుడులో వాళ్ళకు నేను వినపడలేదు. వాళ్ళు నాకు వినపడ్డారు.

“మావాడికి ఉద్యోగం వచ్చిందండీ,” అంటున్నాడు నాన్న. “జీతం నాకంటే ఎక్కువ.”

“అయితే చాయ్ కాదు, ఇవాళ మిఠాయి తెప్పించాలి మీరు,” అన్నారు పెద్దపంతులుగారు.

ఎవరో కొత్త మాస్టరు, కుర్రాయన, తడిసిన తల తుడుచుకుంటూ మెట్లెక్కి నాన్న కుర్చీ పక్కకు వచ్చాడు. అక్కడ పీట ఉంది. నా పీటే. దాని మీద నాన్న కండువా మడతపెట్టి ఉంది. కుర్రాయన కండువా తీయబోతే పెద్దపంతులుగారు చెయ్యి అడ్డం పెట్టారు.

“అది కాదు, ఇంకోటి లాక్కోండి. అది ఆయనగారి వాడిది.”

నాన్న కండువా మడత సరిచేశాడు.

గేటు తీసుకుని మెట్లెక్కవచ్చు. ఎక్కితే అందరూ లేచి “రామ్మా, కూర్చోమ్మా” అంటారు. కుర్చీ ఇస్తారు. అప్పుడు ఆ పీట మీది ‘మావాడు’ లేచి వెళ్ళిపోవాలి. నేను బయటే నిలబడి “నాన్నా, గొడుగు,” అని పిలిచాను. ఆయన ఉలిక్కిపడి పరుగున వచ్చాడు.

“తడిశావా అమ్మా?”

“లేదు నాన్నా,” అన్నాను. నిలువునా తడిసి ఉన్నాను.

మొన్న ఆదివారం హాస్టలు పిల్లకు పరీక్ష. పొద్దున్నే వచ్చి నా కాళ్ళకు దణ్ణం పెట్టింది. లిఫ్టు దాకా వెళ్ళాను.

“హాల్ టికెట్ పెట్టుకున్నావురా?”

“పెట్టుకున్న అమ్మమ్మా.” లిఫ్టులో అడుగుపెట్టి, గిరుక్కున తిరిగింది. “ఏమన్నరు, మల్ల అనుండ్రి?”

“ఏమీ లేదు. బస్సు పోతుంది, వెళ్ళు.”

ఇంట్లోకి వచ్చి, తొమ్మిదీ నలభై అయ్యాక మాత్ర వేసుకుని టిక్కు పెట్టాను. ఇన్నేళ్ళలో పోయినవి కూడితే ఇంతే: నారాయణగూడలో ఒక వరండా, ఇప్పుడక్కడ కోచింగ్ సెంటరు మెట్లున్నాయి. నీలం చారల చొక్కా ఒకటి. పీట ఒకటి. నాన్న, నాయనమ్మ, ఇంటాయన, పెద్దపంతులుగారు, నలుగురు మనుషులు. ‘మావాడు’ ఒకడు, వాడికి అప్పుడూ పన్నెండేళ్ళే, ఇప్పుడూ పన్నెండేళ్ళే.