బావ అనొద్దట

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, ఆళ్లగడ్డ అవతల అహోబిలం అడవిలోని ఒక చెంచుగూడెంలో పర్యాటకులకు పండుగ చూపించడం మొదలుపెట్టారు. అంతా గూడెంవాళ్లే నడుపుతారని ప్రచార కాగితంలో రాశారు. నంద్యాలలో నాతో పనిచేసే టీచర్లతో కలిసి నేనూ వెళ్లాను.

పండుగలో ఒక ముసలామె నరసింహస్వామి మీద పాట ఎత్తుకుంది. ఆ స్వామి చెంచుల పిల్లను పెళ్లి చేసుకున్నాడని వాళ్ల నమ్మకం. అందుకే పాటంతా “ఓ బావా” అంటూ ఎగతాళి. రెండు చరణాలైనా కాకముందే, మమ్మల్ని తీసుకొచ్చిన గైడు ఆపేశాడు.

“అవ్వా, బావేందీ? వచ్చినోళ్లు ఏమనుకుంటారు? స్వామీ అను.”

నాకు ఒళ్లు మండింది. నేను క్రైస్తవుణ్ణి. ఆ పాట నా ప్రార్థన కాదు. కానీ దేవుణ్ణి ఇంట్లోవాళ్లను పిలిచినట్టు పిలిచే చనువు ఎంత విలువైనదో బైబిలు వాక్యం చదివిన నాకు తెలుసు.

“ఆమె దేవునితో మాట్లాడతాంటే నడుమ నీదేందప్పా? మేం మా దేవుణ్ణి నాయనా అంటాం. దాన్నీ మారుస్తావా?” అన్నాను.

“మీరు చర్చికి పోయేటోళ్లు సార్, మీకివి తెలీవు,” అన్నాడు.

ముసలామె అతని వైపు తిరిగింది. “మీ ఇంటి అల్లుణ్ణి నువ్వు సామీ అని మొక్కుకో, పో. మా బావ మాకు బావే.”

కొంగు దులుపుకుని గుడిసెలోకి వెళ్లిపోయింది.

గైడు టేప్ రికార్డర్‌లో ఏదో భక్తిపాట పెట్టాడు. మావాళ్లు దానికే చప్పట్లు కొట్టారు.