సాహెబు పంపిన కార్డు

మొన్న ఇబ్రహీంపట్నం బస్టాండులో ప్లాట్లు అమ్మే కుర్రవాడొకడు నా చేతిలో కార్డు పెట్టి, నా ముఖమైనా చూడకుండా పక్కావిడ దగ్గరికి పోయాడు. నాకు ప్లాటు కొనే శక్తీ లేదు, వాణ్ని విసుక్కునే ఓపికా లేదు. కార్డంటే మాత్రం మా నాన్న, బాపు గుర్తొస్తాడు.

నిజాం కాలంలో సాహెబుల బంగళాకు ఊరికే పోయి నిలబడితే కుదిరేది కాదు. పేరు అచ్చువేసిన కార్డును జవాను పళ్ళెంలో పెట్టి లోపలికి తీసుకుపోయేవాడు. పిలిస్తే పోవాలి, పిలవకుంటే కార్డు వదిలి తిరిగి రావాలి. ఆ ఏడు మా వరి పొట్టకొచ్చే వేళకు చెరువు తగ్గిందని తూము మూయించారు. ఒక్క తడి పారితే పంట దక్కుతుంది. తూము తెరిపించాలంటే తాలూకా సాహెబు హుకుం కావాలి. పట్నంలో కొలువు చేసే మా మేనమామ, బాపు పేరు మీద ఉర్దూలో కార్డులు వేయించి తెచ్చాడు. తలపాగాలో పెట్టుకుంటే చెమటకు తడుస్తాయని అమ్మ వాటిని రుమాలులో చుట్టిచ్చింది. అంత ముచ్చట పెళ్ళిలో కూడా పడి ఉండడు బాపు.

సాహెబు పిలవలేదు. పొద్దంతా అరుగు మీద కూర్చుని, కార్డు వదిలి వచ్చాడు. తర్వాత కొన్నాళ్ళకు జవాను సాహెబు కార్డు తెచ్చి ఇచ్చిపోయాడు. మా వైపు దొర ఎవరికైనా హుకుం ఇయ్యాలంటే తన చేతికర్ర పంపేవాడు. కర్ర వచ్చిందంటే మాట వచ్చినట్టే. కార్డూ అంతేననుకున్నాడు బాపు. "సాహెబు పేరే ఇంటికొచ్చింది, ఇంకేం గావాలె?" అని అమ్మతో అని, తూము కాడ కార్డు చూపించి తెరిపించాడు. నీళ్ళు మా గట్టు ముట్టకముందే జవాన్లు వచ్చి మూసేశారు. బాపును కచ్చేరి ముందు ఎండలో నిలబెట్టారు.

మామ ఉరుకులాడుతూ వచ్చి విడిపించుకున్నాడు.

"అది హుకుం కాదు బావా. నువ్వు కార్డిచ్చినవ్, ఆయన తిరిగి కార్డు పంపిండు. పెద్దోళ్ళ మర్యాద, గంతే."

"మరి నా పొలం సంగతేంది?" అన్నాడు బాపు.

వరి ఎండిపోయింది. బాపు తన చేత్తోనే ఎడ్లను మడిలోకి తోలి, అవి మేస్తుంటే గట్టు మీద కూర్చున్నాడు. అన్నం తీసుకుపోతే ముట్టలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆయనకు ఏడ్చే సత్తువ కూడా మిగల్లేదు. ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. ఇన్నేళ్ళు గడిచాక, ఆ గట్టు మీది మనిషి నాకు తండ్రిలా కాదు, ఇంకా నలభై నిండని, ఎవరూ లోపలికి పిలవని కొడుకులా కనిపిస్తున్నాడు.