అక్కకు చదివి వినిపించిన పేజీ

తుడిచిన తడి పలక వాసన మీకూ గుర్తుందా? నాలాంటి స్టూడెంట్లతో కిక్కిరిసిన విన్నిపెగ్ లైబ్రరీలో ఒక పుస్తకం చదువుతుంటే నాకు ఆ వాసన వచ్చింది. కొందరికి అక్షరాలు, అంకెలు రంగుల్లో కనిపిస్తాయని, అది జబ్బు కాదని అందులో రాశారు.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. 'ళ' ఊదా, ఏడు ఆకుపచ్చ. ఆ మాటంటే, పలక మీద నాకు ఓనమాలు దిద్దించిన అక్క "అబద్ధాలాడకు" అని వేళ్ల మీద స్కేలుతో కొట్టేది.

సంతోషం పట్టలేక, మార్కమ్ అనే ఊళ్లో ఉంటున్న అక్కకు ఫోన్ చేసి ఆ పేజీ చదివాను.

"అంటే నువ్వు నిజమే చెప్పావా? అనవసరంగా కొట్టానే!" అని అక్క ఏడ్చేసింది.

"అప్పుడు నువ్వూ చిన్నపిల్లవే కదక్కా" అన్నా వినలేదు.

ఇప్పుడు తన కూతురికి అంకెలు నేర్పుతూ ప్రతిదానికీ "ఇది ఏ రంగు నాన్నా?" అని అడుగుతోంది. పాప "మమ్మా, ఇట్స్ జస్ట్ ఎ ఫైవ్!" అని నవ్వుతుందట.

నిన్న అక్క మళ్లీ ఫోన్ చేసింది. "పాప నాకు భయపడి చెప్పట్లేదేమోనే" అంది.

ఆ పుస్తకం నేనొక్కదాన్నే చదువుకుని ఊరుకోవాల్సింది.