ఎలైన్‌మెంటులో రెండు చింతచెట్లు

అరవైల చివరి సంవత్సరాల్లో నేను రోడ్ల సర్వేయరుగా పనిచేశాను. కోటబొమ్మాళికి ఆరు మైళ్ల దూరంలోని ఒక పల్లెకు రోడ్డు ఎలైన్‌మెంటు, అంటే అది వెళ్లే గీత, నిర్ణయించింది నేనే. సర్వే జరిగింది వైశాఖంలో. దారిలో రెండు చింతచెట్లు అడ్డం వచ్చాయి. వాటి చుట్టుకొలతలు రాసుకుని, పక్కన ‘తొలగించవచ్చు’ అని చేర్చాను. అప్పుడు కొమ్మల మీద ఉన్నవి ఖాళీ పుల్లల గూళ్లు మాత్రమే.

చెట్లు కొట్టే తేదీ చెప్పడానికి ఆశ్వయుజంలో మళ్లీ వెళ్లాను. రెండు చెట్లూ పక్షులతో తెల్లగా ఉన్నాయి. తొలకరికి ఎక్కడినుంచో వచ్చి, పిల్లలను పెంచుకుని, మంచు మొదలయ్యే వేళకు వెళ్లిపోయే పెద్ద కొంగలవి. ముక్కు మూసినా మధ్యలో సన్నని సందు మిగులుతుంది. నత్తలను పట్టేది దానితోనే.

చెట్ల పక్కింటి రైతు నేను చెప్పిందంతా విన్నాడు.

“మా ఊర్లో దీపావళికి టపాసు కూడా కాల్సం బాబూ. పురిటికొచ్చిన ఆడపిల్లల్ని గెంటీమంటే ఎలాగ? పిల్లలు ఎగిరీదాకా ఆగండి. తరవాత మీ ఇష్టం.”

ఎగరలేని పిల్లలు ఎన్ని గూళ్లలో ఉన్నాయో చూడకుండా గడువు అడగలేనన్నాను. కోణాలు కొలిచే దుర్భిణి, థియోడొలైట్, బిగించి ఒక్కొక్క గూడే చూడసాగాను. సాయంత్రానికి తేలిన లెక్క: మొత్తం ముప్పై ఒక్క గూళ్లు. తొమ్మిదింటిలో పిల్లలకు రెక్కల ఈకలు ఇంకా నిండలేదు.

మధ్యలో రైతు కూడా కన్ను ఆనించాడు. ఆ పరికరంలో దృశ్యం తలకిందులుగా కనబడుతుంది.

“ఏటి బాబూ, కొంగల్ని గబ్బిలాలు సేసీసినారు?”

మజ్జిగ తెచ్చిన ఆయన భార్య అంది: “మిషను బాగానే ఉన్నాది మావా. నీ తలే తిరగబడ్డాది.”

ఇద్దరూ నవ్వారు. నేను నవ్వినట్టు గుర్తు లేదు.

మధ్యాహ్నం పెద్ద పక్షులు మేతకు పోయినప్పుడు, పాత కొలతలు మరోసారి సరిచూశాను. రోడ్డు వంపును ఇరవై అడుగులు పడమటికి జరిపితే రెండు చెట్లూ మిగులుతాయి. అటువైపు ఉన్నది బంజరు. ఇది వైశాఖంలోనే కనబడవలసింది. ఎండకు తొందరపడి చూడలేదు. ఇప్పుడు మార్చాలంటే, చూడలేదని పైవారికి నా చేత్తో రాయాలి. పెన్సిలు తీశాను. కాసేపటికి మళ్లీ జేబులో పెట్టుకున్నాను. సిగ్గు కలగలేదు, బాధా కలగలేదు. మిగిలిన గూళ్లు చూడటం కొనసాగించాను.

సాయంత్రం, నలభై రోజుల గడువు అడుగుతానని రైతుకు చెప్పాను. ఇరవై అడుగుల సంగతి చెప్పలేదు. ఆయన చేతులు జోడించాడు.

గడువు దొరికింది. కార్తీకం చివరికి కొంగలు వెళ్లిపోయాయి. మార్గశిరంలో చెట్లు కొట్టారు.

మరుసటి వానాకాలం జీపులో అటు వెళ్తుంటే రైతు చెయ్యెత్తి ఆపాడు.

“వచ్చినాయి బాబూ. రెండ్రోజులు ఇక్కడే సుట్టూ తిరిగినాయి. ఎటెల్లిపోనాయో తెలీదు. మీరు సెయ్యగలిగింది సేసినారు.”

“అవును” అన్నాను.

రోడ్డు ఎలా ఉందని అడిగాను. బాగుందన్నాడు.