ఇంగ్లిష్ టైపు, తెలుగు మిషను

బి.ఏ. పాసై జహీరాబాద్‌లో ఖాళీగా ఉన్న రోజులవి. తెలుగు టైపు నేర్చుకుంటానంటే అన్నయ్య ఒప్పుకోలేదు. "ఆఫీసులల్ల తెలుగు ఎవరు కొడతరు? ఇంగ్లిష్ టైపు హయ్యర్ పరీక్ష పాసైతే నౌకరి ఎటుపోదు" అన్నాడు. వేళ్లు వాచేలా కొట్టి ఆ సర్టిఫికెట్టే తెచ్చుకున్నాను.

సంగారెడ్డిలో ఇంటర్వ్యూకు పోతే నా ముందు తెలుగు మిషను పెట్టారు. ఆఫీసు కాగితాలన్నీ తెలుగులోకి మారాయట. అక్షరాలు వెతుక్కుంటూ రెండు లైన్లు కొట్టేసరికి టైమైపోయింది.

"తెలుగు రాదా అమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"రాసుడొస్తది సార్, కొట్టుడే రాదు" అన్నాను. గదిలో అందరూ నవ్వారు.

ఇంటికొచ్చి సంగతి చెబితే అన్నయ్య, "ఫికర్ చేయకు, షార్ట్‌హ్యాండ్ నేర్చుకో" అన్నాడు.

"ఏ భాషల?"

"ఇంగ్లిష్‌లనే."

మర్నాడే తెలుగు టైపులో చేరాను. అన్నయ్య మంచివాడే. సలహా మాత్రం మళ్లీ ఎన్నడూ అడగలేదు.