రెండు నీళ్లు కలిసేచోట ఎవరూ మునగరు

ఆ సెమిస్టరంతా నాకు అలసటగానే గుర్తుంది. ప్లెయిన్స్‌బరోలోని అపార్ట్‌మెంట్ నుంచి యూనివర్సిటీకి బస్సు, రైలు, మళ్లీ బస్సు. నదుల నిర్వహణ మీద ఒక కోర్సు తీసుకున్నాను. క్లాసులో ఎప్పుడూ చివరి వరుసే. ఎవరైనా ఏదైనా అడిగితే, చాలాసార్లు జవాబు డైరీలోకి వెళ్లేది తప్ప నోటి దాకా వచ్చేది కాదు.

మార్చిలో ప్రొఫెసర్ పిలిచి సూటిగానే చెప్పారు. నా రాతపని బాగుందట, వచ్చే సెమిస్టర్‌కి టీచింగ్ అసిస్టెంట్‌గా తీసుకోవాలని ఉందట. కానీ నోరు విప్పని మనిషిని విద్యార్థుల ముందు ఎలా నిలబెట్టడం? కోర్సు చివర ఇచ్చే ప్రెజెంటేషన్ చూసి నిర్ణయిస్తానన్నారు. ఆ ఉద్యోగం వస్తే ఫీజు మాఫీ అవుతుంది. రాకపోతే చదువు ఆపేయడమే.

ఒక్కొక్కరూ ఒక నదిని ఎంచుకోవాల్సిన జాబితాలో నా వంతు వచ్చేసరికి మిగిలిన నది కొరియాలోని హాన్. ఆరు వారాలు దానితోనే గడిపాను. అది తూర్పు కొండల్లో పుట్టి ఉత్తరపు హాన్, దక్షిణపు హాన్ అని రెండుగా దిగివస్తుంది. రెండూ సియోల్‌కి ఎగువన కలుస్తాయి. ఒకప్పుడు కొండల్లో నరికిన దుంగల్ని తెప్పలుగా కట్టి దాని మీదే నగరానికి తెచ్చేవారు, కిందినుంచి ఉప్పు పడవలు పైకి వెళ్లేవి. ఇప్పుడు నగరం మధ్యలో వంతెన తర్వాత వంతెన, గట్టు వెంట సైకిళ్లు, సాయంత్రమైతే చాపలు పరుచుకుని నూడుల్స్ తినే జనం. చదివిందంతా డైరీలో రాసుకునేదాన్ని. బయటికి ఒక్కసారీ చదువుకోలేదు.

రెండు పాయలు కలిసేచోటి ఫొటో ఒకటి దొరికింది. రాళ్లు పేర్చిన ఒడ్డు, పెద్ద చెట్టు, ఒక చెక్క పడవ. దాని కింద ‘పవిత్ర సంగమం, ప్రజలు ఇక్కడ స్నానాలు చేస్తారు’ అని ఇంగ్లిష్‌లో రాసేశాను. ఆ మాట ఎక్కడా చదవలేదు. చూసుకోవాలని కూడా అనిపించలేదు. రెండు నదులు కలిసేచోట మునగని మనుషులుంటారని నాకెలా తడుతుంది? స్లైడ్లు రెండు రోజుల ముందే పంపాలి, పంపాక మార్చనివ్వరు. పంపేశాను.

ముందురోజు సాయంత్రం బ్లేజర్ చేతులు పొట్టి చేయించుకోవడానికి స్ట్రిప్ మాల్‌లోని ఆల్టరేషన్ షాపుకి వెళ్లాను. నడిపేది అరవై ఏళ్ల కొరియా ఆవిడ. కూర్చుంటే అప్పుడే కుట్టి ఇస్తానంది. నా ఒళ్లో ఉన్న ప్రింట్లు చూసి, ఆ చోటు తమ ఊరేనని చెప్పి కాగితం చేతిలోకి తీసుకుంది. చదివి, నోట్లోని గుండుసూది తీసింది.

“స్నానాలా? ఎవరు చేస్తారు? అది సియోల్ తాగే నీళ్లు.”

వాళ్ల నాన్న అక్కడే పడవ నడిపేవాడట, జనాన్ని అవతలి ఒడ్డుకి దాటించేవాడట. దిగువన డ్యామ్ కట్టాక నీళ్లు పైకొచ్చి పల్లపు పొలాలు మునిగాయి. తర్వాత ఆ నీళ్లు నగరానికని పడవలు, చేపలు పట్టడం అన్నీ ఆపించారు. పెళ్లయి తను నది చివరికి వెళ్లింది. అవతలి గట్టు ఉత్తర కొరియా, ఇవతల గట్టు పొడవునా ముళ్లకంచె. సముద్రం అంత దగ్గరున్నా పడవలు ఆ దారిన పోవు. ఓడల కోసం పక్కన వేరే కాలువ తవ్వారు. కాలువ సంగతి నేను చదివాను, స్లైడ్‌లో ఒక వాక్యం కూడా ఉంది.

“పుట్టినచోటా తాకనివ్వలేదు, మెట్టినచోటా తాకనివ్వలేదు,” అని ఆవిడ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

ఇంటికొచ్చి రూమ్మేట్‌కి చెప్పాను. తనది కరీంనగర్, దేనికీ భయపడదు.

“సప్పుడు జెయ్యక ఊకో. మీ క్లాస్‌ల కొరియావాళ్లు ఉన్నరా?”

“లేరు.”

“మరింకేంది? పొద్దుగాల లేస్తే నాతోనే మాట్లాడవు, గంతమంది ముందు నీ తప్పు నువ్వే జెప్పుకుంటవా? జాబ్ పోతది.”

తను చెప్పిందాంట్లో తప్పేం లేదు.

మర్నాడు క్లాసులో ఆ స్లైడ్ వచ్చింది. ఈ వాక్యం తప్పు అన్నాను. వెనకనుంచి ఎవరో వినపడలేదన్నారు. మళ్లీ అన్నాను. పడవ నడిపిన తండ్రి గురించి, మునిగిన పొలాల గురించి, కంచె గురించి చెప్పాను. ఎలా తెలిసిందని ప్రొఫెసర్ అడిగారు. ఈ బ్లేజర్ కుట్టినావిడ చెప్పిందన్నాను. కొందరు నవ్వారు.

“మరి ముందు అలా ఎందుకు రాశావు?”

దానికి జవాబు చెప్పడానికే ఎక్కువసేపు పట్టింది. మావైపు మునిగేదీ, తాగేదీ, బట్టలుతికేదీ ఒకే నీళ్లలోనని, దిగకూడని నది ఒకటుంటుందని నేనెప్పుడూ అనుకోలేదని చెప్పాను. నాకిచ్చిన పది నిమిషాలు దాటిపోయినా ఆయన ఆపలేదు.

బయటికొచ్చాక, సరిచూడకుండా రాసినందుకు మార్కులు తగ్గిస్తున్నానన్నారు. తర్వాత, సెప్టెంబర్ నుంచి రెండు సెక్షన్లకి క్లాసులు నీవే అన్నారు.

థాంక్స్ చెప్పాను. రైలెక్కి కూర్చున్నాక గాని తట్టలేదు, ఇక వారం వారం ఇలాగే నిలబడి మాట్లాడాలని. కాళ్లు లాగుతున్నాయి. తల కిటికీకి ఆనించాను.