అంటదని కూడా రాయించండి

2007 జూలై. ఏలూరులో నేను పనిచేసే స్కిన్ క్లినిక్‌కి ముఖాన్ని ఫోటో తీసే మెషీన్ వచ్చి మూడు నెలలైంది. గడ్డం ఆనించి తల లోపల పెడితే మూడు రకాల వెలుతుర్లలో తీస్తుంది. ఒకటి మామూలు వెలుతురు. రెండోది పోలరైజ్డ్ లైట్, చర్మం మీది మెరుపును తీసేసి కింద ఉన్న ఎరుపును చూపిస్తుంది. మూడోది యూవీ లైట్, మన కంటికి సరిగా ఆనని మచ్చల్ని బయటపెడుతుంది. చివర్లో కంప్యూటర్ ఒక స్కోరు ఇస్తుంది. చాలామంది పరీక్ష రాసి వచ్చినట్టు మార్కులెన్ని అని అడిగేవారు. నేను ఆ మెషీన్ టెక్నీషియన్ని. ఫోటో తీయడం వరకే నా పని, జబ్బు పేరు చెప్పాల్సింది డాక్టరమ్మ గారు. ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు నేను నోరు జారాను.

అది శనివారం. కొల్లేరు లోపలి ఒక లంక గ్రామం నుంచి దీనమ్మ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. బడిలో పిల్లలకి మధ్యాహ్న భోజనం వండేది, మిగతా పూట చేపల చెరువుల మీద పని చేసేది. ఏడాది కిందట కొల్లేరులో అక్రమ చెరువులంటూ ప్రభుత్వం గట్లు తెంపేశాక ఆ పని పోయింది. ఇక వంట ఒక్కటే ఆధారం. ఆ మధ్య ఆమె ఎడమ కంటి కింద, నోటి పక్కన తెల్ల మచ్చలు లేచాయి. ఆవిడ చేతి అన్నం మా పిల్లలు తినరని కొందరు బడి ముందు గొడవ పెట్టారట. అందుకని స్కూలు కమిటీ చైర్మన్ సత్యనారాయణ గారు స్వయంగా వెంటబెట్టుకుని వచ్చారు.

ఆయన దుర్మార్గుడేం కాదు. మెత్తగానే మాట్లాడారు. "సిబ్బెం అయితే ఫర్వాలేదండి. బొల్లి అయితే మాత్రం వేరే మనిషిని చూసుకోవాలండి. ఏదో ఒకటి కాగితం మీద రాసిస్తే ఊళ్లో చూపిస్తాను" అన్నారు. ఆ మెత్తదనానికే నాకు ఒళ్లు మండింది.

సిబ్బెం ఫంగస్ వల్ల వస్తుంది, మందు రాస్తే పోతుంది. బొల్లి అంటే మా భాషలో విటిలిగో. చర్మానికి రంగునిచ్చే కణాలు చచ్చిపోయి ఆ చోటు తెల్లబడుతుంది. యూవీ ఫోటోలో సిబ్బెం పచ్చగా కనిపిస్తుంది, బొల్లి నీలిమందు పెట్టిన పంచెలా తెల్లగా వెలుగుతుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. మావైపు ఆడవాళ్లు ముఖానికి పసుపు రాసుకుంటారు. ఎంత కడిగినా మిగిలిన పసుపు యూవీలో పచ్చగా మెరుస్తుంది. అందుకని వచ్చిన ప్రతి ఆవిణ్ణీ "పసుపు రాశారా అండీ?" అని అడిగి, కుళాయి దగ్గరికి పంపేదాన్ని. దీనమ్మకి బొట్టు లేదు, మెడలో సిలువ గొలుసుంది. చర్చికి వెళ్లేవాళ్లు పసుపు రాసుకోరు కదా అనుకున్నాను. అడగలేదు.

ఫోటో వచ్చింది. మచ్చలు రెండూ పచ్చగా ఉన్నాయి. నా ఆనందం ఇంతా అంతా కాదు. డాక్టరమ్మ గారి దాకా ఆగలేదు. హాల్లోకి వెళ్లి, అది సిబ్బెమేననీ నెల తిరిగేలోపు పోతుందనీ చైర్మన్ గారికి చెప్పేశాను. ఆయన కూడా హమ్మయ్య అనుకుని టీ తాగడానికి బయటికి వెళ్లారు. లోపలికి వచ్చి చూస్తే దీనమ్మ ముఖంలో సంతోషమే లేదు. తెరవైపే చూస్తోంది.

"ఆ పచ్చరంగు జబ్బుదాండీ? నేను రాసిందేమో అనుకున్నాను" అంది.

ఏం రాశారని అడిగాను. పక్కింటావిడ చెప్పిందని పది రోజులుగా వేపాకూ పసుపూ నూరి రాత్రిపూట మచ్చల మీద మాత్రమే పెట్టుకుంటోందట. సబ్బుతో రెండుసార్లు కడిగించి, నూనె దూదితో తుడిచి మళ్లీ తీశాను. ఈసారి పచ్చదనం లేదు. తెల్లగా, అంచులు కోసినట్టుగా వెలుగుతున్నాయి.

నిజం చెప్పొద్దూ, నాకు పాడుబుద్ధి పుట్టింది. మొదటి ఫోటో కంప్యూటర్‌లో భద్రంగా ఉంది. రెండోదాన్ని చెరిపేయడం ఒక్క బటన్ పని. డాక్టరమ్మ గారు మనిషిని చూసి పట్టేసేవారే, కానీ ఆ ఉక్రోషంలో అంత ఆలోచన ఎక్కడ? మూర్ఖపు ఊరికి అబద్ధపు కాగితమే సరి అనిపించింది. గొంతు తగ్గించి ఆ మాటే దీనమ్మతో అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "వద్దండి. నెలకి మచ్చ పోదు కదా. అప్పుడు బొల్లిదనీ అంటారు, దొంగదనీ అంటారు. బొల్లనే రాయించండి. అంటదని కూడా రాయించండి." మళ్లీ తనే, "అంటదు కదండీ?" అని అడిగింది.

అంటదన్నాను. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

డాక్టరమ్మ గారు చూశారు. కుష్టు కాదని తేల్చుకోవడానికి దూదితో తాకి స్పర్శ ఉందో లేదో పరీక్షించారు, ఫోటోలు రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. నన్ను చీవాట్లు పెట్టారు, పడ్డాను. విటిలిగో అనీ, ముట్టుకున్నా వండిపెట్టినా ఎవరికీ అంటదనీ తెలుగులో రాసి సంతకం పెట్టారు. చైర్మన్ గారిని పిలిచి, పొరపాటు నాదేనని నేనే చెప్పాను. ఆయన ముఖం ముడుచుకుపోయింది. కాగితం సరే గానీ జనం వినాలి కదా అని నసిగారు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నాలుగు మాటలతో దులిపేద్దామని నోరు తెరిచేలోపు, దీనమ్మ భుజం మీద కొంగు పక్కకి తీసింది. మెడ కింద అరచేయంత తెల్ల మచ్చ.

"ఇదొచ్చి రెండేళ్లయిందండి. కొంగు కింద ఉంది కాబట్టి ఎవరూ చూళ్లేదు. ఈ రెండేళ్లూ మీ మనవరాలు నా చేతి పప్పన్నమే తిందండి, మారు అడిగి మరీ తింది. పిల్లకేమన్నా అయ్యిందా, మీరే చెప్పండి." గొంతు పెంచలేదు. "సోమవారం పొయ్యి వెలిగిస్తానండి. వద్దనేవాళ్లుంటే బడికొచ్చి నా ముఖం చూసి చెప్పమనండి."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయారు. దీనమ్మ చెయ్యి చాపింది. ఆయన ఇచ్చేశారు.

మరుసటి నెల మందు కోసం వచ్చినప్పుడు మిగతా కథ చెప్పింది. కాగితాన్ని అన్నం మెతుకులతో వంటగది తలుపుకి అంటించిందట. కొన్ని ఇళ్లవాళ్లు పిల్లలకి క్యారేజీలు కట్టి పంపారు. కొందరు నాలుగు రోజులకి మానేశారు, కొందరు ఇంకా పంపుతూనే ఉన్నారు. చైర్మన్ గారి మనవరాలు మాత్రం మొదటి రోజే పళ్లెం పట్టుకుని వరసలో నిలబడిందట. పొయ్యి ఒక్క పూటా ఆగలేదు.

పసుపు సంగతి ఇప్పుడు సిలువ ఉన్నా బొట్టున్నా ప్రతి ఒక్కరినీ అడుగుతాను. అది నేర్చుకోవడం ఎంతసేపు? నాకు సిగ్గేసింది ఇంకొకందుకు. ఆమెకి బొల్లి లేదని చూపించి కాపాడదామని చూశాను. అంటే, ఉంటే తప్పేనని ఊరితో పాటు నేనూ ఒప్పేసుకున్నట్టే కదా! ఆమె ఒప్పుకోలేదు.

అప్పట్నుంచీ డాక్టరమ్మ గారి అనుమతితో ప్రతి విటిలిగో రిపోర్టులోనూ అన్నిటికన్నా పైన "ఇది అంటదు" అని తెలుగులో కొడుతున్నాను. మెషీన్ కంపెనీ మనిషి చూసి, ఫార్మాట్‌లో దానికి చోటు లేదు, తీసేయమన్నాడు.

"చోటు చాలకపోతే మీ స్కోరు తీసేస్తానండి. ఈ మాట తీయను" అన్నాను.